టవర్ దాటిన తర్వాత

రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి సైబర్ టవర్స్ దాకా నడుచుకుంటూ వెళ్ళండి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గవు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్ళే. ఇప్పుడు అదే దారిలో లిఫ్టులో నిలబడి కూడా వీడియో కాల్ మాట్లాడేస్తున్నాం. మన చదువులూ ఇంటర్న్‌షిప్‌లూ హ్యాకథాన్‌లూ అన్నీ ఈ సిగ్నల్ నీడలోనే జరుగుతాయి.

ఈ కారిడార్‌లో తయారయ్యే సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద వాటా ఇక్కడ కూర్చోని మనుషుల కోసమే. పొలాల్లో సర్వే చేసేవాళ్ళు, కరెంటు లైన్లు బాగుచేసేవాళ్ళు, అడవిలో జంతువుల అడుగుజాడలు లెక్కపెట్టేవాళ్ళు, కొండ మీద టవర్ కట్టేవాళ్ళు. హాజరు యాప్‌లోనే, రిపోర్టు యాప్‌లోనే, ఫోటో కూడా యాప్‌లోనే. మరి నెట్‌వర్క్ లేకపోతే? ఒక చక్రం గుండ్రంగా తిరుగుతుంది. కింద ఒక వాక్యం: దయచేసి మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి.

ఎవరు సరిచూసుకోవాలి? నల్లమలలో ఉన్న ఫారెస్టు వాచరా? ఒడ్డుకు నలభై కిలోమీటర్ల అవతల వల వేసుకుని కూర్చున్న మత్స్యకారుడా? మనం రాసిన కోడ్‌లో ‘నో నెట్‌వర్క్’ ఒక ఎర్రర్. వాళ్ళకి అది డ్యూటీ చేసే చోటు.

నేను చెప్పదలచుకున్నది చిన్న విషయమే. టవర్ అవతల పనిచేసే మనిషికి ముందుగా కావలసింది వేగమైన ఇంటర్నెట్ కాదు, అటూ ఇటూ నడిచే ఒక చిన్న మాట. తను చెప్పింది ఎవరికో చేరాలి, చేరినట్టు తనకు తెలియాలి. ఈ రెండూ ఉంటే మిగతావి నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు. ఈ రెండూ లేకపోతే ఎంత గొప్ప యాప్ ఇచ్చినా అతను ఒంటరివాడే. ఇది అర్థం చేసుకోవడానికి కావలసిన పాఠాలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మనమే అటువైపు చూడటం లేదు.

సోమాజిగూడ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. పది వేల మందికి పైగా పోయారు. మన అమ్మమ్మల తరం ఇప్పటికీ ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అని లెక్కలు చెబుతారు. గాలి ముందు పడగొట్టింది స్తంభాలనీ తీగలనీ. తీగ తెగితే కబురు కూడా తెగింది. సాయం కావలసినవాళ్ళు ఒకచోట, సాయం చేయగలవాళ్ళు మరోచోట, మధ్యలో మాట లేదు.

అలాంటి వేళల్లో తీగ లేకుండా మాట పంపే ఔత్సాహికులను హామ్ రేడియోవాళ్ళు అంటారు. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. మనవాళ్ళు ‘నియార్’ అంటారు. సోమాజిగూడలో, రాజ్‌భవన్ రోడ్డులో ఉంటుంది. మనలో చాలామంది ఆ రోడ్డు మీదుగా వందసార్లు వెళ్ళి ఉంటాం, ఆ బోర్డు చూసి ఉండం.

2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్ళింది. అక్కడ చాలా ఏళ్ళుగా అమెచ్యూర్ రేడియోకు అనుమతి లేదు. వీళ్ళకి దొరికింది. ప్రపంచంలోని రేడియో ఔత్సాహికులందరూ అండమాన్‌తో ఒక్కసారి మాట్లాడాలని ఎదురుచూస్తున్న రోజులవి. ఆమె కాల్ సైన్ వీయూ4ఆర్‌బీఐ. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్ మీద ఆంటెన్నాలు కట్టుకుని, సరదాగా, పోటీగా సాగుతున్న కార్యక్రమం అది.

డిసెంబరు 26 పొద్దున భూమి కంపించింది, సునామీ వచ్చింది. మామూలు సమాచార వ్యవస్థలు దెబ్బతిన్నాయి. ఆ బృందం సరదా కార్యక్రమం ఆపేసి అదే రేడియోతో అత్యవసర సందేశాలు పంపడం మొదలుపెట్టింది. ఎవరు క్షేమం, ఎవరి ఆచూకీ తెలియడం లేదు, ఎక్కడ ఏం కావాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా లెక్కవేస్తే పదహారు వందల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో టవర్ లేదు, కేబుల్ లేదు. షార్ట్‌వేవ్ తరంగం పైకి వెళ్ళి అయనోస్ఫియర్‌కి తగిలి మళ్ళీ కిందికి దిగింది. అంతే.

ఈ కథలో నాకు నచ్చింది వీరత్వం కన్నా మరో సంగతి. ఆ పరికరాలు విపత్తు కోసం తీసుకెళ్ళినవి కావు. రోజూ వాడుతున్నారు కాబట్టి ఆ రోజు పనికొచ్చాయి. బీరువాలో దాచిపెట్టిన వాకీటాకీ అవసరం వచ్చిన రోజు పనిచెయ్యదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, ఛానెల్ నంబరు ఎవరికీ గుర్తుండదు. ఫీల్డ్‌లో రేడియో అనేది ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లాగా గోడకి వేలాడకూడదు, టీ గ్లాసు లాగా రోజూ చేతిలో తిరగాలి.

ప్రగతినగర్ నుంచి బంగాళాఖాతం దాకా

రెండో పాఠం మనకి ఇంకా దగ్గర. హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి దాటి ప్రగతినగర్ వైపు వెళితే ఇన్‌కాయిస్ ఉంటుంది. ఇండియన్ నేషనల్ సెంటర్ ఫర్ ఓషన్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్. సముద్రం లేని ఊళ్ళో సముద్రం మీద పనిచేసే ఆఫీసు. 1999లో మొదలైంది. 2007 అక్టోబరు నుంచి దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు ఇక్కడి నుంచే వెళుతున్నాయి. చేపలు ఎక్కడ ఎక్కువగా దొరికే అవకాశం ఉందో, అలలు ఎంత ఎత్తున ఉంటాయో కూడా వీళ్ళే చెబుతారు.

సమాచారం తయారుచెయ్యడం వరకు బాగానే ఉంది. అది పడవలో ఉన్న మనిషికి చేరేదెలా? ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్‌కి ఈ కబుర్లు అందడం లేదని తేలింది. వేటకు వెళ్ళే పడవలు అంతకన్నా చాలా దూరం పోతాయి, రోజుల తరబడి అక్కడే ఉంటాయి. 2017 చివర్లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు చాలామంది అప్పటికే సముద్రంలో ఉన్నారు. హెచ్చరిక ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది.

దానికి జవాబుగా 2019 అక్టోబరులో జెమిని అనే పరికరం వచ్చింది. విమానాలకు దారి చూపించడానికి ఏర్పాటుచేసిన మన గగన్ ఉపగ్రహ వ్యవస్థ ఉంది కదా, దాని మీదుగానే ఇన్‌కాయిస్ హెచ్చరికలు పంపుతుంది. పడవలో ఉన్న చిన్న డబ్బా దాన్ని అందుకుని బ్లూటూత్‌తో ఫోన్‌కి ఇస్తుంది. ఫోన్‌లో యాప్ దాన్ని తొమ్మిది భారతీయ భాషల్లో చూపిస్తుంది. ఉన్న ఉపగ్రహాన్నే మరో పనికి వాడుకోవడం, ఉన్న ఫోన్‌నే తెరగా చేసుకోవడం. ఇంజనీరింగ్ అంటే ఇదీ అనిపిస్తుంది.

కానీ ఒక లోటు మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. జెమిని వినగలదు, చెప్పలేదు. తుఫాను వస్తోందని పడవకి తెలుస్తుంది. మా ఇంజన్ ఆగిపోయింది అని పడవ చెప్పలేదు. హెచ్చరిక పంపినవాళ్ళకి అది ఎంతమంది చూశారో తెలియదు. రేడియోలో వాతావరణ వార్తలు వినడం లాంటిదే ఇదీ, కాకపోతే చాలా దూరం వరకు వినబడుతుంది.

చెప్పే వైపు మరో పరికరం ఉంది. ఇస్రో వాళ్ళ డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. 2010 నుంచి వాడుకలో ఉంది. ఆపదలో బటన్ నొక్కితే పడవ ఎక్కడుందో, ఏ రకం ఆపదో ఉపగ్రహం ద్వారా బెంగళూరులోని కేంద్రానికి వెళుతుంది, అక్కడి నుంచి సముద్రంలో రక్షణ చర్యలు చూసేవాళ్ళకి. ఇక్కడ లోటు తిరగబడింది. ఇది చెప్పగలదు, వినలేదు. బటన్ నొక్కినవాడికి తన మాట చేరిందో లేదో తెలియదు.

ఒక్క నిమిషం ఆ పడవలో మనల్ని మనం ఊహించుకుందాం. రాత్రి. నీళ్ళు లోపలికి వస్తున్నాయి. బటన్ నొక్కారు. ఇప్పుడేం చెయ్యాలి? ఇక్కడే ఉండి ఎదురుచూడాలా? వస్తారన్న నమ్మకం లేకపోతే ఈది ఎటో పోవాలనిపిస్తుంది. వెతకడానికి వచ్చేవాళ్ళు పాత చోటుకి వస్తారు. వాట్సాప్‌లో రెండు టిక్‌లు పడలేదని మనం విసుక్కుంటాం. అక్కడ ఆ టిక్ మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఇస్రో 2024 జనవరిలో ప్రకటించిన రెండో తరం పరికరంలో చేసిన ముఖ్యమైన మార్పు ఇదే. మీ సందేశం అందింది అని పడవకి తిరుగు కబురు వస్తుంది. వీడియో లేదు, వాయిస్ లేదు. ఒక్క ‘అందింది’ కోసం ఒక కొత్త తరం పరికరం చెయ్యాల్సి వచ్చింది, చేశారు కూడా. అదే ఏడాది ఆగస్టులో 364 కోట్ల రూపాయలతో లక్ష చేపల పడవలకు రెండువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలైంది. లెక్కవేస్తే పడవకి 36,400 రూపాయలు. మన క్లాసులో చాలామంది జేబులో అంత ఖరీదైన ఫోన్ ఉంది.

నల్లమలలో ఒక రాత్రి

సముద్రం సంగతి సరే, నేల మీద అంత ఇబ్బంది ఏముంటుంది అనుకుంటాం. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి బయల్దేరిన హెలికాప్టర్ నల్లమల మీద ఉండగా సంబంధాలు తెగిపోయాయి. అందులో ఉన్నది ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి, మరో నలుగురు. ఒక పగలు, ఒక రాత్రి రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. వాయుసేన విమానాలు, హెలికాప్టర్లు, ఇస్రో రాడార్ ఉపగ్రహం, పోలీసులు, అడవి తెలిసిన స్థానికులు అందరూ వెతికారు. మర్నాడు పొద్దునకి గానీ పావురాలగుట్ట మీద శకలాలు కనబడలేదు.

మంచి రేడియో ఉంటే ఆ ఐదుగురూ బతికేవారని నేను అనడం లేదు. ఆ ప్రమాదం తీరు వేరు. నేను అడిగేది ఇంకొకటి. ముఖ్యమంత్రి కనబడకపోతేనే వెతకడానికి అంతసేపు పట్టింది, అదీ రాష్ట్రం, కేంద్రం కలిసి కదిలితే. అదే అడవిలో రోజూ నడిచే బేస్ క్యాంపు వాచర్ ఒక సాయంత్రం తిరిగి రాకపోతే? కొండ మీద లైను సర్వేకి వెళ్ళిన కాంట్రాక్టు కుర్రాడు జారిపడితే? వాళ్ళ కోసం ఏ ఉపగ్రహమూ దారి మళ్ళదు. అందుకే వాళ్ళ దగ్గర ముందే ఏదో ఒకటి ఉండాలి. పెద్ద మనిషికి వ్యవస్థ వెతుక్కుంటూ వస్తుంది. చిన్న ఉద్యోగికి చేతిలోని పరికరమే వ్యవస్థ.

ఇది ఫిజిక్స్, సిలబస్‌లో ఉన్నదే

ఈసీఈ వాళ్ళకి ఆంటెన్నాస్ అండ్ వేవ్ ప్రాపగేషన్ అనే పేపరు ఉంటుంది. యాగి-ఉడా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం, మర్చిపోతాం. అందులోని ఒక చిన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు చూపు ఆనినంత మేరకే పోతుంది. ఆంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. రెండు చివరలకీ విడివిడిగా కట్టి కలపాలి.

నాలుగు మీటర్ల ఎత్తున ఆంటెన్నా ఉన్న రెండు పడవలు: 8.24కి 8.24 కలిపితే పదహారున్నర కిలోమీటర్లు. ఒడ్డున 49 మీటర్ల టవర్ పెడితే దానివైపు 28.8, పడవ వైపు 8.24, మొత్తం 37. అంటే ఎంత పవర్ పెంచినా భూమి గుండ్రంగా ఉన్నంతకాలం ఈ గీత పెద్దగా జరగదు. అడవిలో అయితే భూమి దాకా అక్కర్లేదు, ఎదురుగా ఉన్న గుట్టే చాలు మాట ఆపెయ్యడానికి. అందుకే గుట్ట మీద రిపీటర్ పెడతారు.

గుట్ట మీదికి కరెంటు లేకపోతే? అప్పుడు షార్ట్‌వేవ్ ఉంది. ఆంటెన్నాని నేలకి దగ్గరగా కట్టి, సరైన ఫ్రీక్వెన్సీలో తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే, అది ఫౌంటెన్ నీళ్ళలాగా చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి పడుతుంది. కొండలు అడ్డం రావు. కావలసింది ఒక రేడియో, ఒక కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన తీగ, వాటిని వాడటం తెలిసిన ఒక మనిషి. ఆ నాలుగోదే దొరకడం కష్టం.

ఉపగ్రహం ఈ అడ్డంకులన్నీ పైనుంచి దాటుతుంది. భూస్థిర కక్ష్యలోది 36 వేల కిలోమీటర్ల దూరం కాబట్టి మాట వెళ్ళి దిగడానికే పావు సెకను, జవాబు రావడానికి మరో పావు. వాయిస్ కాల్‌లో అది చిరాకు. ‘అందింది’ అన్న సందేశానికి లెక్కే కాదు.

స్టార్‌లింక్ వస్తోంది కదా?

ఈ మాట ఎక్కడ ఎత్తినా మనవాళ్ళు వెంటనే అనేది ఇది. స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్స్ వచ్చింది. మరోవైపు టవర్లు లేని ఊళ్ళకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022లో 26,316 కోట్ల పథకం ఆమోదించింది, 24,680 గ్రామాల కోసం. ఇంకా పాతకాలపు రేడియోలెందుకు?

నేను వీటికి వ్యతిరేకిని కాను. ఒక సర్వే క్యాంపుకి, ఒక డ్యామ్ సైటుకి, ఏజెన్సీ ఊళ్ళోని ఆస్పత్రికి అలాంటి కనెక్షన్ వస్తే పండగే. కానీ మూడు సంగతులు మర్చిపోకూడదు.

మొదటిది, డిష్ క్యాంపులో ఉంటుంది, మనిషి క్యాంపులో ఉండడు. ప్రమాదం జరిగేది క్యాంపుకి ఐదు కిలోమీటర్ల అవతల, వాగు దగ్గర. రెండోది కరెంటు. డిష్‌కి పదుల వాట్లు నిరంతరం కావాలి. చేతి రేడియో మాట్లాడేటప్పుడు ఐదు వాట్లతో సరిపెట్టుకుంటుంది, మిగతా సమయంలో వింటూ ఊరుకుంటుంది. మూడోది, ఒకే తాడు మీద అందరూ వేలాడకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు అక్కడ టవర్లు లేకనా ఫోన్లు మూగబోయాయి? ఉన్నవే పనిచెయ్యలేదు. అడవి మారుమూల అని మనం అనుకుంటాం. ఒక పెద్ద గాలివానకి మహానగరం కూడా ఒక్క పూటలో మారుమూల అయిపోతుంది.

అలాగని ఎవరికి వారు ఆన్‌లైన్‌లో దొరికిన సెట్ కొనేసి అడవిలోకి వెళ్ళడం కూడా కుదరదు. మన దేశంలో శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా వాడితే కేసు అవుతుంది. విదేశీ పర్యాటకులు తెలియక తెచ్చి ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడిన సంఘటనలు ఉన్నాయి. చాలా రకాల వాకీటాకీలకి కూడా లైసెన్స్ కావాలి. హామ్ రేడియోని వ్యాపారానికి వాడకూడదు. భద్రత దృష్ట్యా నిబంధనలు ఉండాల్సిందే. అయితే ఆ నిబంధనలు పాటిస్తూ, తక్కువ ఖర్చుతో, ఒంటరిగా పనిచేసే చిన్న ఉద్యోగికి రెండువైపులా మాట్లాడే పరికరం అందించడం ఎలా అన్నది ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చని లెక్క. ఐటీ కారిడార్‌లో ఇంతమంది ఇంజనీర్లం ఉండి దాన్ని ఎవరి సమస్యో అనుకోవడమే నా అభ్యంతరం.

తెలుగుకి మూడు బైట్లు

ఇది సాహితీ క్లబ్ పత్రిక కాబట్టి మన భాష సంగతి కూడా చెప్పాలి. ‘తుఫాను వస్తోంది, ఒడ్డుకు రండి’ అన్న వాక్యాన్ని యూటీఎఫ్-8లో పెడితే 79 బైట్లు. తెలుగులో ప్రతి గుర్తుకీ మూడేసి బైట్లు, గుణింతానికీ వత్తుకీ విడిగా. ఇదే అర్థం ఇంగ్లిషులో రాస్తే ముప్ఫై చిల్లర. మామూలు ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషుకి 160 అక్షరాలు పడితే యూనికోడ్ తెలుగుకి 70. గగన్ లాంటి వ్యవస్థల సంకేతం సెకనుకి 250 బిట్లు. అలాంటి ఇరుకు దారిలో తెలుగు వాక్యం ఎడ్లబండి లాగా పోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, భాషని వదిలేసి ఇంగ్లిషులో పంపడం. మన ప్రాజెక్టుల్లో చాలావరకు జరిగేది ఇదే. రెండోది, ఉపగ్రహం మీదుగా ఒక్క బైటు కోడ్ పంపి, ఫోన్‌లో ముందే దాచిన తెలుగు వాక్యాన్ని విప్పి చూపించడం. ఒక బైటుతో 256 వాక్యాలు. అంటే ఇక్కడ అడ్డంకి భాష కానే కాదు, మన బద్ధకం.

మరి ఆ 256 వాక్యాలు ఎవరు రాయాలి? ‘ప్రతికూల వాతావరణ పరిస్థితుల దృష్ట్యా అప్రమత్తంగా ఉండవలసిందిగా సూచించడమైనది’ అని రాస్తే అర్ధరాత్రి ఊగే పడవలో చదివేవాడు ఏం చెయ్యాలి? ‘వేట ఆపండి. వెంటనే ఒడ్డుకు రండి’ అంటే సరిపోతుంది కదా. ఉప్పాడ మత్స్యకారుడికీ సోంపేట మత్స్యకారుడికీ అర్థమయ్యే మాట ఏది? అల్పపీడనం, వాయుగుండం, తుఫాను అనే మూడు మాటలకీ తేడా పడవలో ఉన్నవాడికి నిజంగా కావాలా, లేక ‘ఎంతసేపట్లో తిరిగి రావాలి’ అన్నది కావాలా? వాళ్ళనే అడిగి రాయాలి. ఇది కోడింగ్ పని కాదు, భాష తెలిసినవాళ్ళ పని. మన క్లబ్‌లో కవితలు రాసేవాళ్ళున్నారు. ప్రాణం కాపాడే నాలుగు మాటల వాక్యం రాయడం కూడా రచనే, అదీ సులువైన రచన కాదు.

మనం ఏం చెయ్యొచ్చు

పెద్ద పెద్ద తీర్మానాలు వద్దు. మన చేతిలో ఉన్నవే చెబుతాను.

సీఎస్‌ఈ మిత్రులకి: ఫీల్డ్ మనుషుల కోసం ఏ యాప్ చేసినా డెమోకి ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక పూట వాడండి. డేటా ఫోన్‌లోనే భద్రంగా ఉందా? సిగ్నల్ రాగానే దానంతట అదే వెళుతోందా? రెండుసార్లు పంపితే రెండు రికార్డులు అవుతున్నాయా? వెళ్ళింది, వెళ్ళలేదు, చేరింది అనే మూడు స్థితులూ తెర మీద విడివిడిగా కనబడుతున్నాయా? ముఖ్యమైన నాలుగు అంకెలు ముందు వెళ్ళి, పది ఎంబీల ఫోటో తర్వాత వెళుతోందా? ఇవి చేస్తే సగం పని అయినట్టే.

ఈసీఈ మిత్రులకి: ప్లేస్‌మెంట్ల కోసం మనమందరం రాసేది కోడింగ్ టెస్టే, తప్పు లేదు. దాంతోపాటు అమెచ్యూర్ రేడియో పరీక్ష కూడా రాద్దాం. పన్నెండేళ్ళు దాటిన ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. లైసెన్స్ వస్తే వీయూ3తో మొదలయ్యే సొంత కాల్ సైన్ వస్తుంది. బీటెక్ అయ్యాక వచ్చే రోల్ నంబర్లూ ఎంప్లాయీ ఐడీలూ పోతాయి, ఇది మాత్రం మీ పేరుతోనే ఉంటుంది. ఇంకా లైసెన్స్ లేకపోయినా 865 మెగాహెర్ట్జ్ దగ్గర లోరా మాడ్యూళ్ళతో ప్రయోగాలు చెయ్యొచ్చు, ఆ బ్యాండ్‌లో నిర్ణీత పవర్ లోపల లైసెన్స్ అడగరు. హాస్టల్ టెర్రస్ మీద ఒకటి, ఊరి బయట గుట్ట మీద ఒకటి పెట్టి ఇరవై అక్షరాల సందేశం ఎంతదూరం పోతుందో కొలవండి. పుస్తకంలోని 4.12 అప్పుడు ఒంటబడుతుంది.

అందరికీ: ఒక సెమిస్టర్‌లో ఒక్క రోజు ఇలాంటి చోటుకి వెళదాం. అమ్రాబాద్ అడవిలో ఫారెస్టు క్యాంపు కావొచ్చు, కాకినాడ జెట్టీ కావొచ్చు. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌లు గచ్చిబౌలి కాన్ఫరెన్స్ రూముల్లో పుట్టినంతకాలం వాటి జవాబులు కూడా అక్కడే తిరుగుతాయి. వాళ్ళు ఇప్పుడు కబురు ఎలా పంపుకుంటున్నారో ముందు చూద్దాం. ఎవరో ఒకరు ఏదో ఒక ఉపాయం ఎప్పుడో కనిపెట్టే ఉంటారు. ఫలానా గుట్ట మీద, ఫలానా రాయి పక్కన నిలబడితే ఒక గీత సిగ్నల్ వస్తుందని వాళ్ళకే తెలుసు. మనం చెయ్యబోయే పరికరం ఆ రాయి కన్నా నమ్మకంగా పనిచెయ్యాలి. లేకపోతే వాళ్ళు దాన్ని సంచీలో పెట్టేసి మళ్ళీ ఆ రాయి దగ్గరికే నడుస్తారు, అప్పుడు తప్పు వాళ్ళది కాదు.

ఇరవై ఐదేళ్ళకి పైగా ఈ కారిడార్ ప్రపంచంలోని దూరాలు తగ్గించింది. ఇక్కడ కూర్చుని అమెరికాలో ఉన్న సర్వర్‌ని సరిచేస్తున్నాం. అది నిజంగా గొప్పే. ఇక మిగిలింది దగ్గరి దూరాలు. ఇక్కడి నుంచి నల్లమలకి బస్సులో వెళితే ఒక్క పూట. అక్కడున్న మనిషి సాయంత్రం ఒక మాట పంపితే అది చేరిందని రాత్రిలోపు అతనికి తెలిసేలా చెయ్యగలమా? మన బ్యాచ్ ప్రాజెక్టు టాపిక్ ఇంకా ఖరారు కాలేదు. ఎవరైనా కలిసి వస్తామంటే క్లబ్ గ్రూప్‌లో చెప్పండి.